ఇంటి బీరు పులిసేటప్పుడు ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం: టెక్సస్ గరాజ్‌లకు ఒక సమగ్ర మార్గదర్శి

ఇంట్లో బీరు తయారుచేయడం కొత్తగా మొదలుపెట్టినవారు తమ మొదటి డబ్బును సాధారణంగా పెద్ద స్టీలు గిన్నె మీదో, మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) ఆడించే మర మీదో, మెరిసే ఫెర్మెంటర్ (బీరును పులియబెట్టే పాత్ర) మీదో పెడతారు. ఉష్ణోగ్రత నియంత్రణ మార్చినంతగా బీరు రుచిని వాటిలో ఏదీ మార్చదు. ఒకే మాల్టు, బీరుకు చేదు, వాసన ఇచ్చే ఒకే హాప్స్ పువ్వులు, ఒకే ఈస్ట్ తీసుకుని ఒక బకెట్టును 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర, మరో బకెట్టును 27 డిగ్రీల దగ్గర పులియబెట్టి చూడండి. మొదటిది శుభ్రమైన, మరో గ్లాసు తాగాలనిపించే ఏల్ (కొంత వెచ్చగా పులిసే బీరు రకం) అవుతుంది; రెండవదానిలో గొంతులో మంట, పెయింటు థిన్నర్‌ను గుర్తుచేసే వాసన వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. అందుచేత పులియడం మొదలైన తొలి మూడు రోజుల్లో బీరు లోపలి వేడిని కొలిచి, దాన్ని మీరు నిర్ణయించిన చోట నిలపడమే ఈ వ్యాపకంలో అన్నిటికంటే ముఖ్యమైన పని అని, చేతిలో కొంచెమే డబ్బుంటే అది ముందుగా దీనికే ఖర్చు కావాలని నా గట్టి అభిప్రాయం.

డాలస్, ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతిని వివరిస్తున్నాను. అక్కడ జూలై, ఆగస్టు నెలల్లో బయటి ఎండ 38 డిగ్రీలు (100 ఫారెన్‌హీట్) దాటడం మామూలే. ఏసీ లేని గరాజ్ సాయంత్రానికి కొలిమిలా మారుతుంది, జనవరిలో అదే గరాజ్ కొన్ని రాత్రులు గడ్డకట్టే స్థాయికి దగ్గరవుతుంది. అమెరికాలో 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం, ఇంట్లో సొంత వాడకానికి తయారుచేసుకునే బీరును ఫెడరల్ పన్ను నుంచి మినహాయించింది. పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ఉన్న ఇంటికి 200 గాలన్లు దాని పరిమితి. ఆ బీరును అమ్మకూడదు. రాష్ట్రాల నిబంధనలు కొంత వేరుగా ఉంటాయి కనుక వేరే రాష్ట్రంలో ఉన్నవారు తమ చట్టాన్ని ఒకసారి చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ఎక్సైజ్ చట్టాల ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం కాబట్టి, ఈ పద్ధతులను అక్కడ ఇంట్లో ప్రయత్నించకూడదు.

వేడి ఎక్కువైతే ఈస్ట్ ఏం చేస్తుంది

మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ నుంచి తీసి, హాప్స్ వేసి మరిగించిన తియ్యని రసాన్ని వర్ట్ అంటారు. అందులో వేసిన ఈస్ట్ మొదటి కొన్ని గంటలు ఆక్సిజన్‌ను, పోషకాలను పీల్చుకుని, ఆ తర్వాత వేగంగా కణాల సంఖ్యను పెంచుకుంటుంది. బీరుకు వాసననిచ్చే పదార్థాల్లో ఎక్కువ భాగం ఈ పెరుగుదల దశలోనే పుడతాయి. వేడి పెరిగినకొద్దీ పెరుగుదల వేగం పెరుగుతుంది, దాంతోపాటు అమైనో ఆమ్లాల మార్పిడిలో మిగిలిపోయే ఫ్యూజల్ ఆల్కహాళ్లు పెరుగుతాయి; ఇవే గొంతులో మంటకు కారణం. అలాగే ఎస్టర్లు పెరుగుతాయి: ఐసోఅమైల్ ఎసిటేట్ అరటిపండు వాసననిస్తుంది, ఇథైల్ ఎసిటేట్ మోతాదు మించితే గోళ్లరంగు తుడిచే ద్రవంలా వాసన వేస్తుంది.

తెలుగు నేల మీద ఈ సూత్రాన్ని తెలియనివారు ఉండరు. తెల్లవారుజామున చెట్టు దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి అదే కుండలోని కల్లు పొంగి పుల్లబడుతుంది. కల్లులో రకరకాల ఈస్టులు, బ్యాక్టీరియా కలిసి పనిచేస్తాయి కనుక దాని వేగాన్ని మనం నిర్దేశించలేం. బీరులో మనమే ఒక్క జాతి ఈస్టును ఎంచుకుని వేస్తాం కాబట్టి, సరైన వేడి ఇస్తే ఫలితం ప్రతిసారీ దాదాపు ఒకేలా వస్తుంది. ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్టును పెంచే పద్ధతిని 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ సాధించినప్పటి నుంచే ఇది వీలైంది.

చల్లదనం మించినా చిక్కే. ఈస్ట్ సగంలో అడుగుకు చేరి నిద్రపోతే, పచ్చి ఆపిల్ వాసననిచ్చే ఎసిటాల్డిహైడ్, వెన్న వాసననిచ్చే డయాసిటైల్ బీరులోనే మిగిలిపోతాయి. ఈ రెండింటినీ ఈస్టే పుట్టిస్తుంది, చివరి దశలో తగిన వెచ్చదనం ఉంటే తిరిగి ఈస్టే తినేస్తుంది. కాబట్టి తొలి దశలో చల్లగా, చివరి దశలో కొంచెం వెచ్చగా ఉంచాలి.

గది చల్లగా ఉంటే సరిపోదు

ఏసీ పెట్టిన గదిలో 22 డిగ్రీలు ఉన్నాయి కదా, బీరూ 22 దగ్గరే ఉంటుందని అనుకోవడం ఈ వ్యాపకంలో అతి సాధారణమైన పొరపాటు. చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేటప్పుడు ఈస్ట్ వేడిని విడుదల చేస్తుంది. లెక్క వేసి చూద్దాం. ఆరంభ సాంద్రత (నీటిని 1.000గా తీసుకుంటే పులియకముందు వర్ట్ ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.050 ఉన్న 20 లీటర్ల వర్ట్‌లో సుమారు 1.6 కిలోల చక్కెరలు పులుస్తాయి. కిలోకు దాదాపు 590 కిలోజౌళ్ల చొప్పున మొత్తం 940 కిలోజౌళ్ల వేడి పుడుతుంది. 20 లీటర్ల నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి 84 కిలోజౌళ్లు చాలు. అంటే ఆ వేడి ఏమాత్రం బయటికి పోకపోతే బీరు 11 డిగ్రీలు వేడెక్కుతుంది. నిజానికి బకెట్టు గోడల గుండా చాలా వేడి పోతుంది కనుక, ఉధృతంగా పులిసే రెండు మూడు రోజుల్లో బీరు గదికంటే 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. 22 డిగ్రీల గదిలోని ఏల్ నిజంగా 26 దగ్గర పులుస్తోందన్నమాట. ఉధృతి తగ్గాక అది తిరిగి గది స్థాయికి చల్లబడుతుంది. అంటే చల్లగా ఉండవలసిన రోజుల్లో వేడిగా, వెచ్చగా ఉండవలసిన రోజుల్లో చల్లగా, సరిగ్గా తలకిందులుగా నడుస్తుంది.

మొదటి అడుగు: ఈస్టును, దానికి తగిన ఉష్ణోగ్రతను నిర్ణయించుకోవడం

ఏల్ ఈస్ట్ శాస్త్రనామం సాకరోమైసిస్ సెరివిసియే. అమెరికన్, ఇంగ్లీష్ శైలి ఏల్‌లకు 18 నుంచి 20 డిగ్రీలు (64 నుంచి 68 ఫారెన్‌హీట్) నమ్మదగిన పరిధి. ప్యాకెట్టు మీద ఇంతకంటే వెడల్పైన పరిధి ముద్రించి ఉండవచ్చు. అది ఈస్ట్ బతికి పనిచేసే పరిధి, మంచి రుచి సాధారణంగా దాని దిగువ సగంలోనే దొరుకుతుంది. చల్లగా పులిసే లాగర్ రకం బీరుకు వాడే ఈస్ట్ సాకరోమైసిస్ పాస్టోరియానస్ 9 నుంచి 12 డిగ్రీల మధ్య బాగా పనిచేస్తుంది.

జర్మన్ గోధుమ బీరు విషయంలో ఉష్ణోగ్రత ఒక పాళ్ల నియంత్రణలా పనిచేస్తుంది. హెఫెవైజెన్ ఈస్ట్ 17 డిగ్రీల దగ్గర లవంగం వాసనను ముందుకు తెస్తుంది, 21, 22 దగ్గర అరటిపండు వాసనను పెంచుతుంది. రెండూ సమానంగా కావాలంటే 17లో మొదలుపెట్టి 19, 20 వరకు ఎదగనివ్వడం నాకు నచ్చిన మార్గం. బెల్జియం సేజన్ ఈస్టులను 22 దగ్గర మొదలుపెట్టి 28, 30 దాకా తీసుకువెళ్లవచ్చు, వాటిలో కొన్ని ఆ వేడి లేకపోతే మధ్యలో ఆగిపోతాయి కూడా. నార్వే పశ్చిమాన ఉన్న వోస్ ప్రాంతపు రైతు కుటుంబాలు తరతరాలుగా కాపాడుకున్న క్వైక్ ఈస్టు 35 డిగ్రీల దగ్గర కూడా మంట లేని, నారింజ వాసన గల బీరునిస్తుంది. శీతలీకరణ ఏర్పాటు ఇంకా లేని టెక్సస్ ఇంటికి, జూలై నెలకు, ఇంతకంటే మంచి ఈస్టును నేను సూచించలేను. అయితే అది పోషకాలను ఎక్కువగా కోరుతుంది కనుక తేలికపాటి వర్ట్‌లో వేసేటప్పుడు ఈస్ట్ పోషకం ఒక చెంచా కలపాలి, ఉష్ణోగ్రత 30కి దిగకుండా చూసుకోవాలి.

రెండవ అడుగు: చల్లని గది ఏర్పాటు

వాడిన ఫ్రిజ్ ఒకటి, దానికి బయటినుంచి కరెంటు ఇచ్చి ఆపే కంట్రోలర్ ఒకటి, ఫెర్మెంటర్‌ను వెచ్చబెట్టే ఒక చిన్న హీటింగ్ బెల్టు: మొత్తం ఏర్పాటు ఇంతే. ఫ్రిజ్ మంచిదా, పైనుంచి తెరిచే చెస్ట్ ఫ్రీజర్ మంచిదా అన్న ప్రశ్నకు నా సమాధానం స్పష్టంగా ఫ్రిజ్ వైపే ఉంటుంది. చెస్ట్ ఫ్రీజర్ చల్లదనాన్ని బాగా పట్టి ఉంచుతుంది, తక్కువ ధరకు దొరుకుతుంది; కానీ 25 కిలోల నిండు ఫెర్మెంటర్‌ను నడుము ఎత్తు గోడ మీదుగా లోపలికి దించడం, బయటికి తీయడం వెన్నుకు ప్రమాదం, గాజు కార్బాయ్ (పెద్ద సీసా) అయితే చేతులకు మరింత ప్రమాదం. పైగా దానిలో తేమ పేరుకుని బూజు పడుతుంది, తేమ పీల్చే డబ్బాలు ఎప్పుడూ లోపల ఉంచాలి. చెస్ట్ ఫ్రీజర్‌నే వాడవలసి వస్తే, ఖాళీ ఫెర్మెంటర్‌ను లోపల పెట్టి, గొట్టంతో వర్ట్‌ను అందులోకి దించితే ఎత్తే పని సగం తప్పుతుంది. ఏ పరిస్థితిలోనూ దాని గోడలకు రంధ్రం పెట్టకూడదు, శీతలీకరణ గొట్టాలు ఆ గోడల లోపలే ఉంటాయి.

ఫ్రిజ్ కొనేటప్పుడు చూడవలసిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. చల్లదనాన్ని మామూలు తిప్పే నాబ్‌తో సరిచేసే పాత రకం కావాలి. డిజిటల్ ప్యానెల్ ఉన్న కొన్ని ఫ్రిజ్‌లు కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు పాత సెట్టింగును మరచిపోతాయి, కొన్ని వెంటనే మొదలవవు. కంట్రోలర్ రోజుకు చాలాసార్లు కరెంటు తీసి ఇస్తుంది కాబట్టి అవి ఈ పనికి పనికిరావు. వెళ్లేముందు మీ ఫెర్మెంటర్ ఎత్తు, చుట్టుకొలత టేపుతో కొలుచుకుని, ఎయిర్‌లాక్ (గ్యాసును బయటికి పోనిచ్చి గాలిని లోపలికి రానివ్వని చిన్న పరికరం) కోసం పైన మరో నాలుగైదు అంగుళాలు కలుపుకోండి. లోపలి గాజు అరల మీద ఇంత బరువు పెట్టకూడదు. వాటిని తీసేసి అడుగున మందపాటి చెక్క పలక వేయాలి. గరాజ్‌లో భూమికి లీకయ్యే కరెంటును పసిగట్టి ఆపే జీఎఫ్‌సీఐ ప్లగ్గునే వాడాలి. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ మూసిన పెట్టెలో పోగవుతుంది కనుక, తలుపు తెరిచిన వెంటనే తల లోపల పెట్టకూడదు.

మూడవ అడుగు: కంట్రోలర్, దాని సెన్సర్

చల్లబరచడానికి ఒకటి, వెచ్చబెట్టడానికి ఒకటి, ఇలా రెండు ప్లగ్గులున్న కంట్రోలర్ కావాలి. ఇంటి బీరు తయారీదారుల్లో ఇంక్‌బర్డ్ ఐటీసీ-308 బాగా వ్యాప్తిలో ఉంది. ఇతర కంపెనీలవీ ఇదే తీరున పనిచేస్తాయి. ఫ్రిజ్ ప్లగ్గును కూలింగ్ వైపు, బెల్టును హీటింగ్ వైపు పెట్టి, ఫ్రిజ్ నాబ్‌ను పూర్తి చల్లదనానికి తిప్పి వదిలేయాలి. ఆ తర్వాత ఎప్పుడు ఆన్ కావాలో, ఎప్పుడు ఆగాలో కంట్రోలరే చూసుకుంటుంది.

నాలుగు సెట్టింగులు చాలు. లక్ష్య ఉష్ణోగ్రత మొదటిది. కూలింగ్ తేడాను 0.5 డిగ్రీ నుంచి 1 డిగ్రీ మధ్య పెడితే, లక్ష్యం 18 అయినప్పుడు బీరు 18.5 లేదా 19కి చేరితేనే ఫ్రిజ్ మొదలవుతుంది. హీటింగ్ తేడా కూడా అంతే. ఈ రెంటినీ 0.3కి తగ్గిస్తే నియంత్రణ మరింత కచ్చితంగా ఉంటుందని అనిపిస్తుంది. వాస్తవంలో ఫ్రిజ్ కొంచెం ఎక్కువ చల్లబరచడం, దాన్ని సరిచేయడానికి బెల్టు వెలగడం, బెల్టు వేడికి మళ్లీ ఫ్రిజ్ మొదలవడం, ఇలా రెండూ ఒకదానితో ఒకటి పోట్లాడుతూ కరెంటు తగలేస్తాయి. నాలుగవది కంప్రెసర్ విరామం: ఒకసారి ఆగిన తర్వాత కనీసం 5 నిమిషాలు, గరాజ్ బాగా వేడిగా ఉంటే 10 నిమిషాలు గడిచేదాకా మళ్లీ మొదలవకుండా ఉంచితే కంప్రెసర్ ఎక్కువ కాలం మన్నుతుంది.

సెన్సర్‌ను ఎక్కడ పెట్టామన్నదే ఈ మొత్తం ఏర్పాటుకు ప్రాణం. దాన్ని ఫ్రిజ్ లోపలి గాలిలో వేలాడదీస్తే కంట్రోలర్ గాలిని 18 దగ్గర నిలుపుతుంది, బీరు మాత్రం తన సొంత వేడితో 21, 22కి ఎక్కుతుంది. అందుకే సెన్సర్‌ను ఫెర్మెంటర్ బయటి గోడకు, ద్రవం సగం ఎత్తులో ఆనించి, దాని మీద అరచేయంత ఫోమ్ ముక్కనో, నాలుగు మడతలు పెట్టిన బబుల్ కవరునో కప్పి, టేపుతో గట్టిగా బిగించాలి. లోపలి బీరు పులియడంతో తనంతట తాను కలియతిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఇలా కప్పిన సెన్సర్ చూపే అంకె లోపలి వేడికి ఒక డిగ్రీ లోపే ఉంటుంది. మూత గుండా ద్రవంలోకి దిగే స్టీలు గొట్టం, అంటే థర్మోవెల్, ఉంటే ఇంకా మంచిది. కానీ ఫోమ్ ముక్క దాదాపు అంతే పని చేస్తుంది. హీటింగ్ బెల్టు సెన్సర్‌కు కనీసం ఒక జానెడు దూరంలో ఉండాలి.

సెన్సర్ నిజం చెబుతోందో లేదో ముందుగా పరీక్షించాలి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందులు నిండేంత మాత్రమే నీరు పోసి, కలిపి, రెండు నిమిషాల తర్వాత సెన్సర్ ముంచితే 0 డిగ్రీలు చూపాలి. తేడా ఉంటే క్యాలిబ్రేషన్ సెట్టింగులో సరిచేయాలి.

నాలుగవ అడుగు: వర్ట్‌ను చల్లార్చడం

డాలస్ ప్రాంతంలో వేసవిలో కుళాయి నీరే గోరువెచ్చగా, 28 డిగ్రీల చుట్టుపక్కల వస్తుంది. వర్ట్‌లో ముంచిన రాగి గొట్టపు చుట్ట గుండా ఆ నీటిని పంపితే మరిగిన వర్ట్ 32, 33 దాకా త్వరగా దిగుతుంది, అక్కడ ఆగిపోతుంది. ఆ వేడిలోనే ఈస్ట్ వేసేసి, తర్వాత ఫ్రిజ్‌లో చల్లబడుతుందిలే అనుకుంటే, పెరుగుదల దశ మొత్తం వేడిలో గడిచిపోతుంది. ఎంత మంచి కంట్రోలర్ ఉన్నా అప్పుడు ప్రయోజనం లేదు.

రెండు మార్గాలున్నాయి. 33 డిగ్రీలకు దిగాక, కుళాయి గొట్టాన్ని తీసేసి, ఒక చిన్న పంపుతో ఐసునీటిని అదే చుట్ట గుండా తిప్పితే అరగంటలోపు 18కి తీసుకురావచ్చు; దీనికి సుమారు పది కిలోల ఐసు పడుతుంది. ఇంతకంటే సులువైనది, నేను ఎక్కువగా ఇష్టపడేది, రెండవది: శానిటైజ్ చేసిన (సూక్ష్మజీవులు పోయేలా శుభ్రపరిచిన) ఫెర్మెంటర్‌లోకి 32 డిగ్రీల వర్ట్ పోసి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టి, కంట్రోలర్‌ను 17కి సెట్ చేసి, మరుసటి ఉదయం ఈస్ట్ వేయడం. పది పన్నెండు గంటలు ఈస్ట్ లేకుండా ఉన్న వర్ట్‌లో ఇతర సూక్ష్మజీవులు చేరతాయన్న భయం సహజమే, కాని శుభ్రత పాటించినంతవరకు ఈ ఆలస్యం హాని చేయదు. చల్లబడేటప్పుడు లోపలి గాలి కుంచించుకుపోయి ఎయిర్‌లాక్‌లోని ద్రవాన్ని లోపలికి లాగుతుంది కనుక, ఆ రాత్రికి ఎయిర్‌లాక్ బదులు శానిటైజర్‌లో తడిపిన అల్యూమినియం రేకును రంధ్రం మీద చుట్టండి.

ఐదవ అడుగు: ఈస్ట్ వేయడం, తొలి మూడు రోజులు

నిర్ణయించుకున్న ఉష్ణోగ్రతకు ఒక డిగ్రీ తక్కువలో ఈస్ట్ వేసి, అది తన వేడితో తానే లక్ష్యానికి ఎదగనివ్వాలి. ఏల్‌కు 17లో వేసి 18 దగ్గర నిలపడం ఒక చక్కని మామూలు పద్ధతి. ద్రవరూప ఈస్ట్ గాని, స్టార్టర్ (ముందుగా కొంచెం వర్ట్‌లో పెంచిన ఈస్ట్) గాని వాడుతుంటే దానికీ వర్ట్‌కూ మధ్య ఐదారు డిగ్రీల కంటే తేడా ఉండకూడదు. వెచ్చని ఈస్టును హఠాత్తుగా చల్లని వర్ట్‌లో వేస్తే అది కంగుతిని చాలా ఆలస్యంగా మొదలవుతుంది.

వేసిన 12 నుంచి 24 గంటల్లో నురగ కనిపించాలి. ఆ తర్వాత 48 గంటలు బీరు అన్నిటికంటే ఎక్కువ వేడిని పుట్టిస్తుంది, ఫ్రిజ్ తరచుగా మొదలవుతుంటుంది. ఈ మూడు రోజుల్లో తలుపు తెరిచి చూడాలన్న కోరికను అణచుకోవాలి, కంట్రోలర్ తెరమీది అంకెను మాత్రం ఉదయం, సాయంత్రం పుస్తకంలో రాసుకోవాలి. ఇప్పుడు లక్ష్యాన్ని కిందికి దించకూడదు. ఉధృతంగా పులుస్తున్న బీరును ఒక్కసారిగా నాలుగు డిగ్రీలు చల్లబరిస్తే ఈస్ట్ అడుగుకు చేరి పని ఆపేయవచ్చు. పొరపాటున 22కి ఎక్కిందని గమనిస్తే, ఆరేడు గంటలకు ఒక డిగ్రీ చొప్పున నెమ్మదిగా దించండి.

ఆరవ అడుగు: చివరలో వెచ్చబెట్టడం

సాంద్రత మూడింట రెండు వంతులు పడిపోయాక, ఉదాహరణకు 1.050 నుంచి 1.012కి చేరవలసిన బీరు 1.025 దగ్గరికి వచ్చాక, సాధారణంగా నాలుగవ రోజున, లక్ష్యాన్ని రోజుకు ఒక డిగ్రీ చొప్పున 21, 22 వరకు పెంచాలి. రుచిని నిర్ణయించే దశ అప్పటికే గడిచిపోయింది కనుక ఈ వేడి ఎస్టర్లను పెంచదు. మిగిలిన చక్కెరలను, డయాసిటైల్‌ను, ఎసిటాల్డిహైడ్‌ను ఈస్ట్ పూర్తిగా తినడానికి తోడ్పడుతుంది. హీటింగ్ బెల్టు అవసరం వేసవిలోనూ ఎందుకుంటుందంటే, చల్లని ఫ్రిజ్ లోపల ఉన్న బీరు ఉధృతి తగ్గాక తనంతట తాను వేడెక్కలేదు.

సాంద్రతను హైడ్రోమీటర్ అనే తేలే గాజు గొట్టంతో కొలిచేటప్పుడు నమూనాను 20 డిగ్రీలకు, లేదా ఆ హైడ్రోమీటర్ మీద రాసి ఉన్న ఉష్ణోగ్రతకు తెచ్చుకోవాలి. మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచినా అంకె మారకపోతే పులియడం ముగిసినట్టు. ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగడం దీనికి ఆధారం కాదు, మూత కొంచెం వదులుగా ఉన్నా బుడగలు రావు.

లాగర్ చేయదలచినవారికి

లాగర్ పుట్టిందే ఉష్ణోగ్రత పట్టింపు నుంచి. బవేరియాలో 1553లో ఐదవ ఆల్‌బ్రెక్ట్ ప్రభువు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 వరకు బీరు తయారీని నిషేధించాడు. వేసవి బీరు చెడిపోతుండటమే కారణం. చలికాలంలో, చల్లని గుహల్లో మాత్రమే తయారైన బీరులో చలికి తట్టుకునే ఈస్ట్ నిలదొక్కుకుంది. ఆ ఈస్ట్ రెండు జాతుల సంకరం; వాటిలో చలిని తట్టుకునే జాతి సాకరోమైసిస్ యూబయానస్ అని 2011లో పటగోనియా అడవుల్లో దాన్ని కనుగొన్నాక తేలింది. 1870లలో మ్యూనిక్‌లో కార్ల్ వాన్ లిండే శీతలీకరణ యంత్రాలు బ్రూవరీలలోకి వచ్చాక ఏడాది పొడుగునా లాగర్ వీలైంది. గరాజ్‌లోని పాత ఫ్రిజ్ ఈ రోజు మనకు చేసిపెట్టే పని అదే.

చల్లదనంలో ఈస్ట్ నెమ్మదిగా పెరుగుతుంది కనుక ఏల్‌కు వేసినదానికి రెట్టింపు ఈస్ట్ వేయాలి. 20 లీటర్లకు పొడి ఈస్ట్ అయితే రెండు ప్యాకెట్లు. 9 డిగ్రీలలో వేసి 10, 11 దగ్గర నిలపండి. సాంద్రత సగం పడిపోవడానికి ఐదు నుంచి ఏడు రోజులు పట్టవచ్చు. అప్పుడు 16, 17కి పెంచి మూడు రోజులు ఉంచాలి. వెన్న వాసన పోయిందా లేదా అన్నది ఊహించవలసిన పని లేదు, పరీక్ష ఉంది: చిన్న సీసాలో కొంత బీరు తీసి మూత పెట్టి, 65 డిగ్రీల నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి, చల్లార్చి వాసన చూడాలి. డయాసిటైల్‌గా మారడానికి సిద్ధంగా ఉన్న పదార్థం మిగిలి ఉంటే వేడికి అది బయటపడి వెన్న వాసన వేస్తుంది. అలాగైతే మరో రెండు రోజులు అదే వెచ్చదనంలో ఉంచి మళ్లీ పరీక్షించాలి. వాసన లేదని తేలాక రోజుకు రెండు డిగ్రీలు దించుతూ 2 డిగ్రీలకు తెచ్చి, కనీసం నాలుగు వారాలు అలాగే ఉంచాలి. ఈ ఓపిక లేనివారు లాగర్ జోలికి పోకుండా మంచి ఏల్ చేసుకోవడమే మేలు.

చల్లబరచి తేర్చడం, సీసాల్లో నింపడం

పులియడం ముగిసిన ఏల్‌ను రెండు రోజులు 2 నుంచి 4 డిగ్రీలలో ఉంచితే ఈస్ట్, హాప్స్ పిప్పి అడుగుకు చేరి బీరు తేరుకుంటుంది. ముందుగా హీటింగ్ బెల్టు ప్లగ్గు తీసేయండి. ఇక్కడ కూడా లోపలి గాలి కుంచించుకుని బయటి గాలిని లాగుతుంది. సిద్ధమైన బీరుకు ఆక్సిజన్ విషం, అట్టముక్క వాసన తెస్తుంది. పులిసేటప్పుడు వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను ఒక సంచిలో పట్టి, చల్లబరిచేటప్పుడు అదే వాయువు వెనక్కి వెళ్లేలా గొట్టం కలపడం దీనికి మంచి ఉపాయం.

సీసాల్లో గ్యాసు కోసం చక్కెర కలిపేటప్పుడు చాలామంది తడబడే చోటు ఒకటుంది. ఆన్‌లైన్ క్యాలిక్యులేటర్లు బీరు ఉష్ణోగ్రత ఎంత అని అడుగుతాయి. పులియడం ముగిశాక బీరు చేరిన అత్యధిక ఉష్ణోగ్రతను అక్కడ వేయాలి, ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న 3 డిగ్రీలను కాదు. ఎందుకంటే వెచ్చగా ఉన్నప్పుడు బయటికి పోయిన కార్బన్ డయాక్సైడ్ చల్లబరచినంత మాత్రాన తిరిగి రాదు. 20 డిగ్రీల దగ్గర ముగిసిన బీరులో సుమారు 0.85 వాల్యూముల (బీరు పరిమాణానికి ఎన్ని రెట్లు గ్యాసు కరిగి ఉందో చెప్పే కొలత) గ్యాసు మిగిలి ఉంటుంది. మామూలు ఏల్‌కు 2.4 వాల్యూములు కావాలంటే 19 లీటర్లకు దాదాపు 118 గ్రాముల పంచదార పడుతుంది. పొరపాటున 3 డిగ్రీలు వేస్తే లెక్క 70 గ్రాముల దగ్గరికి పడిపోయి, బీరు చప్పగా మిగులుతుంది. నింపిన సీసాలను రెండు వారాలు 20, 22 డిగ్రీల గదిలో ఉంచాలి, గరాజ్‌లో వద్దు.

ఫ్రిజ్ లేకపోతే

అపార్ట్‌మెంట్‌లో ఫ్రిజ్‌కు చోటు లేనివారు ఫెర్మెంటర్‌ను పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి, సగం ఎత్తు వరకు నీరు పోసి, గడ్డకట్టించిన రెండు లీటర్ల నీళ్ల సీసాలను ఉదయం ఒకటి, రాత్రి ఒకటి మార్చుతూ ఉంటే, 23 డిగ్రీల గదిలో కూడా బీరును 18, 19 దగ్గర నిలపవచ్చు. తొట్టిలోని నీరు ఉష్ణోగ్రత హఠాత్తుగా మారకుండా కాపాడుతుంది. ఫెర్మెంటర్‌కు పాత బనియను తొడిగి, దాని అంచు నీటిలో మునిగేలా ఉంచి, ఎదురుగా ఫ్యాను పెడితే ఆవిరి వల్ల మరికొంత చల్లబడుతుంది. ఫీనిక్స్ వంటి పొడి ఊళ్లలో ఇది బాగా పనిచేస్తుంది, హ్యూస్టన్ ఉక్కలో పెద్దగా పనిచేయదు.

రుచి చూశాక లోపం కనిపిస్తే

గొంతులో మంట ఫ్యూజల్ ఆల్కహాళ్ల వల్ల వచ్చినదైతే దానికి మందు లేదు, నిల్వ ఉంచినా చెప్పుకోదగినంత తగ్గదు. మీ పుస్తకంలో రెండవ, మూడవ రోజుల అంకెలు చూసి వచ్చేసారికి సరిచేసుకోవాలి. వెన్న వాసన, పచ్చి ఆపిల్ వాసన ఉంటే, బీరు ఇంకా ఈస్ట్ మీదే ఉన్నట్లయితే, 21 డిగ్రీలకు తెచ్చి మరో నాలుగైదు రోజులు ఉంచితే చాలావరకు పోతాయి.

సాంద్రత 1.020 దగ్గర ఆగిపోయి కదలకపోతే ముందుగా సెన్సర్ జారిపడిందేమో, గరాజ్ చలికి బీరు 15కి దిగిందేమో చూడాలి. ఫెర్మెంటర్‌ను మూత తెరవకుండా మెల్లగా గుండ్రంగా తిప్పి అడుగున ఉన్న ఈస్టును లేపి, రోజుకు ఒక డిగ్రీ చొప్పున 22కి పెంచి, ఐదు రోజులు ఆగాలి. అప్పటికీ కదలకపోతే, ఒక ప్యాకెట్టు తాజా ఈస్టును కొంచెం వర్ట్‌లో పులియబెట్టి, అది ఉధృతంగా నురగ కడుతున్నప్పుడే బీరులో కలపాలి. అనుకున్న తుది సాంద్రతకు చేరి మూడు రోజులు నిలకడగా ఉన్నాకే సీసాల్లో నింపాలి. సగంలో ఆగిన బీరును గాజు సీసాల్లో బిగిస్తే, అది వెచ్చని గదిలో మళ్లీ పులియడం మొదలుపెట్టి, ఆ ఒత్తిడికి సీసాలు పేలతాయి. అప్పటికే నింపి ఉంటే వాటన్నిటినీ వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, కళ్లద్దాలు, మందపాటి చేతితొడుగులు వేసుకుని, బాగా చల్లబడ్డాక ఒక్కొక్కటిగా మూత వదులుచేసి గ్యాసు పోనివ్వాలి.